బస్టాపులో ఆగిన రాకెట్

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఏదైనా ఉందంటే అది నేనింకా తెరవని పుస్తకంలో ఉండి ఉండాలి, అంతే, అని గట్టిగా నమ్మేవాణ్ణి. ఈత మీద రెండు పుస్తకాలు చదివి నేరుగా కాలవలో దిగి మునిగినవాణ్ణి నేనే. (మా చిన్నాన్న జుట్టు పట్టుకుని పైకి లాగాడు. రెండో పుస్తకంలో ఆ పద్ధతి కూడా ఉంది.) అయినా నమ్మకం చెక్కుచెదరలేదు. మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఇంగ్లీషు పుస్తకాల బీరువా ఒకటి ఉండేది. దాని తాళంచెవి నా దగ్గరే ఉండేది, ఎందుకంటే ఇంకెవరూ అడగలేదు. ఆ బీరువా అడుగు అరలో, ఎవరో దానమిచ్చిన పుస్తకాల మధ్య, రాకెట్లకు ప్రోగ్రాములు రాయడం గురించి లావుపాటి పుస్తకం ఒకటి దొరికింది. మా ఊళ్లో కంప్యూటరు లేదు. అందుచేత రెండేళ్లపాటు ప్రోగ్రాములన్నీ పొడుగు నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసి, కంప్యూటరు చేయాల్సిన పని కూడా నేనే చేశాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ముందుకు పోయేవాణ్ణి. తప్పు వస్తే కాసేపు కదలకుండా కూర్చునేవాణ్ణి.

ఆ నోటుపుస్తకం పెట్టెలో పెట్టుకునే డర్బన్ వచ్చాను. దక్షిణాఫ్రికాలో అందరూ కలిసి ఓటేసిన మొదటి ఎన్నికలు జరిగి అప్పటికి ఏడాది కూడా కాలేదు. స్తంభాలకు కట్టిన పోస్టర్లు ఇంకా పూర్తిగా చిరగలేదు. నేను వచ్చింది ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు పాఠాలు చెప్పడానికి. (అప్పటికి నేను కంప్యూటరును మొదటిసారి కళ్లతో చూసి పద్నాలుగు నెలలైంది.) ఆ స్కూలు ఏడాది తిరక్కుండానే మూతపడింది. ఉద్యోగం లేకపోతే దేశంలో ఉండటానికి అనుమతి లేదు. తిరిగి వెళ్లడమంటే నాకు విమానం ఎక్కడం కాదు, గ్రంథాలయం మెట్లెక్కడం. నేను బయల్దేరిన రోజున లైబ్రేరియన్‌గారు చదువుకునే గదిలోనే సభ పెట్టి, బంతిపూల దండ వేసి, "మన బీరువాలోంచి బయటికి వెళ్తున్న మొదటి శాస్త్రవేత్త" అని ప్రకటించారు. పేపరు చదువుకోవడానికి వచ్చిన నలుగురు పెద్దమనుషులు లేచి వెళ్లే వీల్లేక చప్పట్లు కొట్టారు. ఆ నలుగురి ముందూ మళ్లీ ప్రత్యక్షం కావాలంటే ప్రాణం చచ్చిపోయింది.

సరిగ్గా అప్పుడే ఊరి శివార్లలోని సీ కౌ లేక్‌లో, నది పక్కనున్న పాత షెడ్డులో ప్రయోగాల కోసం రాకెట్లు చేస్తున్నారనీ, వాటికి ప్రోగ్రాములు రాసే మనిషి కావాలనీ తెలిసింది. చెరకు తోటల మీద గాలినీ తేమనీ కొలిచి, రేడియోలో కిందికి కబురు పంపే చిన్న రాకెట్. ఆ షెడ్డుకు పెద్ద, అక్కడి జులు తెగకు చెందిన ఒక మహిళా ఇంజనీరు. పాత ప్రభుత్వం కాలంలో దేశం వదిలి పోయి, ఎక్కడో మంచు దేశంలో చదువుకుని, రోజులు మారాక తిరిగొచ్చిన మనిషి. అందరం మేడమ్ అనేవాళ్లం. ఆవిడ మాట్లాడేది తక్కువ. ఎవరేం చెప్పినా కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి "సాక్ష్యం?" అనేది. వాన పడుతోందని చెప్పాల్సి వస్తే నేను తడి గొడుగు చేత్తో పట్టుకునే లోపలికి వెళ్లేవాణ్ణి.

ఇంటర్వ్యూలో ఒకటే ప్రశ్న అడిగింది. "రాకెట్ పారాచూట్ ఎప్పుడు విప్పాలి?"

నేను ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. "గాలి ఒత్తిడి తగ్గుతున్నంతసేపూ పైకి పోతున్నట్టు. పెరగడం మొదలైతే కిందికి దిగుతున్నట్టు. అప్పుడు విప్పాలి. రెండు వందల పద్నాలుగో పేజీ." ఆ చివరి ముక్క నోట్లోంచి ఎలా జారిందో నాకే తెలియదు.

"ఇలాంటి ప్రోగ్రాం ఇదివరకు రాశావా?"

"రాశాను మేడమ్." అబద్ధం కాదు. పెన్సిలుతో అనే ఒక్క మాట తగ్గింది.

"అది నడిచిందా?"

"చాలా బాగా నడిచింది మేడమ్." (నా వేళ్ల మీద.)

మూడు నెలల గడువిచ్చింది. మొదటి రాకెట్ పారాచూట్‌తో క్షేమంగా దిగితే ఉద్యోగం ఖాయం, అనుమతి కాగితాల మీద ఆవిడే సంతకం పెడుతుంది. దిగకపోతే చప్పట్లు కొట్టిన ఆ నలుగురూ నాకోసం కాచుకునే ఉన్నారు.

నేను అద్దెకుండేది రిజర్వాయర్ హిల్స్‌లో, కొండ నెత్తి దాటి కాస్త కిందికి దిగాక వచ్చే ఒక ఇంట్లో. ఇంటావిడ పూర్వీకులు మన కోస్తా పల్లెల నుంచి చెరకు నరకడానికి ఓడెక్కి వచ్చినవాళ్లు. మూడు తరాలు గడిచేసరికి తెలుగు ఆవిడ నోట్లో వంటకాలకూ తిట్లకూ ప్రార్థనకూ సరిపడా మాత్రం మిగిలింది. మొదటిరోజు "ఆంటీ" అన్నందుకు గరిటె ఎత్తింది. "ఆంటీ బయట జనంకి. నువ్వు తెలుగు పిల్లోడు. పెద్దమ్మ చెప్పు!" ఆదివారాలు చర్చి పాటల బృందంలో ఆవిడ గొంతే అన్నిటికన్నా పైన వినిపించేది. కొత్త గౌన్లకని తెచ్చిన నారింజ రంగు బట్ట మిగిలిపోతే, దాంతోనే మా రాకెట్‌కు పారాచూట్ కుట్టి పెట్టింది. కుట్టినంతసేపూ ప్రార్థన చేసింది, మధ్యమధ్య నన్ను తిట్టింది. "దేవుడు నీకు బుద్ధి ఇచ్చింది. నువ్వు లైబ్రరీలో మర్చిపోయి వచ్చింది. తిండి తిను, మై బోయ్."

ప్రోగ్రాం రాశాను. మేడమ్ చూసి, అలవాటు ప్రకారం "సాక్ష్యం?" అంది. రాకెట్ ఇంకా ఎగరకముందే, పారాచూట్ విప్పుకుంటుందని సాక్ష్యం ఎక్కణ్ణుంచి తేవాలి? మూడు రోజులు ఆలోచించాక నా జీవితంలోకెల్లా గొప్ప ఆలోచన వచ్చింది. షెడ్డు నది ఒడ్డున, పల్లంలో ఉంది. మా ఇల్లు కొండ మీద ఉంది. కొండెక్కితే గాలి ఒత్తిడి తగ్గుతుంది, దిగితే పెరుగుతుంది. ఒత్తిడి కొలిచి ప్రోగ్రాం నడిపే పెట్టెకు తనను మోస్తున్నది రాకెట్టో మరొకటో ఎలా తెలుస్తుంది? రోజూ సాయంత్రం ఆ పెట్టెనీ, స్ప్రింగు మీద మడిచి పెట్టిన పారాచూట్‌నీ బండికి కట్టి ఇంటికి తీసుకెళ్తే చాలు. రోజుకొక ప్రయోగం!

బండి పెద్దమ్మ భర్తది. ఆయన్ని పెద్దయ్య అనేవాణ్ణి. ఊరి బస్సులు ముప్పై ఏళ్లు నడిపి రిటైరైన మనిషి. వెనక తొట్టి ఉన్న చిన్న ట్రక్కును అక్కడ బక్కీ అంటారు. ఆయన బక్కీ వయసు దాదాపు నా వయసు. నన్ను రోజూ షెడ్డు దగ్గర ఎక్కించుకుని, అద్దంలో వెనక్కి చూసి, "హంబ!" అనేవాడు. జులు కూలీల దగ్గర నేర్చుకున్న మాట, పద అని.

మొదటిరోజు కొండ సగం ఎక్కేసరికి రోడ్డులో ఒక గుంట వచ్చింది. బక్కీ గుంటలోకి దిగింది. రాకెట్ శిఖరం దాటిందని ప్రోగ్రాం నిర్ణయించుకుంది. వెనక టప్పుమని స్ప్రింగు విడిచింది. నారింజ రంగు పారాచూట్ గాలి నింపుకుని బక్కీ వెనక విప్పారింది. పెద్దయ్య వెనక్కి చూడలేదు. యాక్సిలరేటర్ తొక్కాడు, గేరు తగ్గించాడు, మళ్లీ తగ్గించాడు.

"బండి లాగలేదు. క్లచ్ పోయింది," అన్నాడు విచారంగా.

"క్లచ్ కాదు పెద్దయ్యా, పారాచూట్."

"నో మ్యాన్. నాను ముప్పై ఏళ్లు బస్సు నడిపింది. ఇది క్లచ్."

చిన్న చిన్న గుంటల్ని లెక్కచేయొద్దని ఆ రాత్రే ప్రోగ్రాంకు చెప్పాను. మర్నాడు గుంట దాటాం. కానీ ఆ పైన బస్టాపు వచ్చింది. పెద్దయ్య బక్కీ ఆపాడు. ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు. ఆయన మాత్రం అద్దంలో చూస్తూ, స్టీరింగ్ మీద వేళ్లాడిస్తూ, అచ్చం బస్సు నిండేంతసేపు కూర్చున్నాడు. ఈలోగా హ్యాండ్‌బ్రేకు సరిగ్గా పట్టక బక్కీ అంగుళం అంగుళం వెనక్కి జారింది. జారడమంటే దిగడమే కదా. టప్పు! పారాచూట్.

తర్వాతి స్టాపులోనూ అంతే. రాకెట్ విషయంలో తొందరపడకూడదని నేను చదివాను గానీ, మరీ ప్రతి స్టాపులోనా? మెల్లగా అడిగాను.

"పెద్దయ్యా, మనం ఇక్కడ ఎందుకు ఆగాం?"

ఆయన స్టాపు దగ్గరి స్తంభాన్ని గడ్డంతో చూపించాడు. పాత బోర్డు పీకేసిన మేకుల గుర్తులు దాని మీద ఇంకా ఉన్నాయి. "ఇది వాళ్ల స్టాపు, అప్పుడు. తెల్లవాళ్లది. మన బస్సు ఆపకూడదు. వాన ఉంది, ముసలమ్మ ఉంది, గర్భం ఉన్న పిల్ల ఉంది, చెయ్యి ఎత్తుతది, నాను ఆపకూడదు. ముప్పై ఏళ్లు నాను ఆపలేదు. ఇప్పుడు ఎవరు నాకు చెప్తది? ఇప్పుడు నాను ఆప్తది. అన్ని స్టాపు ఆప్తది. హంబ!"

రాకెట్‌ను మార్చడం కుదిరేట్టుంది గానీ పెద్దయ్యను మార్చడం కుదరదని అర్థమైంది. చేతి గడియారం పెట్టి చూశాను. ప్రతి స్టాపులోనూ కాస్త అటూ ఇటూగా ముప్పై తొమ్మిది సెకన్లు. అందుచేత ప్రోగ్రాంలో కొత్త సూత్రం పెట్టాను: దిగుతున్నట్టు అనిపిస్తే కంగారుపడకు, నలభై సెకన్లు ఆగు, అప్పటికీ ఇంకా దిగుతూనే ఉంటే అప్పుడు విప్పు. మరి అసలు రాకెట్‌కు నలభై సెకన్లు ఎక్కువ కాదా? కాదు. పుస్తకంలో రాకెట్ శిఖరం నుంచి దిగడానికి చాలా నిమిషాలు పట్టింది, బొమ్మతో సహా ఉంది. (పుస్తకంలో రాకెట్ ఇరవై అంతస్తుల మేడంత. మాది పెద్దయ్య కంటే జానెడు పొడుగు. ఈ తేడా నాకు తట్టకపోవడానికి కారణం, అది ఏ పేజీలోనూ రాసి లేకపోవడమే.)

ఆ సూత్రం పెట్టాక అద్భుతంగా పనిచేసింది. బక్కీ గుంటల్లో దిగినా, స్టాపుల్లో జారినా పారాచూట్ ఊపిరి బిగబట్టి కూర్చునేది. కొండ నెత్తి మీది చివరి స్టాపు దాటి, ఇంటివైపు దిగడం మొదలుపెట్టిన నలభయ్యో సెకనుకు, సరిగ్గా మా గేటు ముందు, పువ్వులా విచ్చుకునేది. పెద్దమ్మ రొట్టె చేసే టైము దాన్ని బట్టే చూసుకోవడం మొదలుపెట్టింది. "నీ గొడుగు తెరిచింది, నాను పెనం పెట్టింది," అనేది. ముప్పై ఏడు ప్రయోగాలు, ముప్పై ఏడు విజయాలు! ఒక పేజీలో అందంగా రాసి మేడమ్ బల్ల మీద పెట్టాను. నలభై సెకన్ల సంగతి 'నిర్ధారణ కోసం కొంత విరామం' అని గంభీరంగా రాశాను. బక్కీ ఊసు రాయలేదు, 'నేల మీది పరీక్షలు' అన్నాను. మేడమ్ అద్దాలు జార్చి చదివి, మొదటిసారి "సాక్ష్యం?" అనకుండా తలూపింది. నాకు ఆ పూట అన్నం సయించలేదు, సంతోషంతో.

ప్రయోగం రోజు పొద్దున్నే సముద్రం పక్కనున్న చెరకు తోటకు వెళ్లాం. తోట చివర బురద పల్లంలో ఒక జులు తాత ఆవులు మేపుకుంటున్నాడు. ఆవుల్ని పక్కకు తోలమని అడిగితే తోలాడు గానీ, తాను మాత్రం గట్టు మీద కుర్చీలాంటి రాయి చూసుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ రాకెట్ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, సగం ఇంగ్లీషులో సగం తెలుగులో చాలాసేపు ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ పిల్లోడు మంచోడు, కానీ పుస్తకం పిచ్చిది. నువ్వే పట్టుకో." నా కంప్యూటరు తెరమీద అంకెలు తగ్గుతున్నాయి. సున్నా దగ్గర మేడమ్ మీట నొక్కింది.

ఎంత అందంగా లేచిందో చెప్పలేను. పెన్సిలుతో ఎన్నోసార్లు ఎగరేశాను గానీ ఆ చప్పుడు నా నోటుపుస్తకంలో లేదు. చిన్నగా, ఇంకా చిన్నగా అయి, తెల్లటి గీత చివర చుక్కలా ఆగింది. తర్వాత తల కిందికి తిప్పింది.

"శిఖరం," అంది మేడమ్. "విప్పాలి."

"విప్పుతుంది మేడమ్," అన్నాను. లోపల లెక్కపెట్టుకుంటున్నాను. ఐదు, ఆరు, ఏడు.

"ఎందుకు విప్పలేదు?"

"నిర్ధారించుకుంటోంది మేడమ్." పదకొండు, పన్నెండు. చుక్క పెద్దదవుతోంది. పదిహేను. ఈల వినిపిస్తోంది. పద్దెనిమిది దగ్గర నాకు బస్టాపు కళ్లముందు కనిపించింది. దాంతోపాటు, పుస్తకంలోని మేడంత రాకెట్ పక్కన నిలబడ్డ పెద్దయ్య కనిపించాడు. ఇరవై రెండు దగ్గర రాకెట్ తిన్నగా ఆవుల పల్లంలోకి, బురదలోకి, నడుం దాకా దిగబడింది. ఆవులు తలెత్తి చూసి, మళ్లీ గడ్డిలో పడ్డాయి.

జులు తాత కర్ర ఊతతో లేచి, చుట్టూ తిరిగి చూసి, మేడమ్‌తో ఏదో అన్నాడు. ఆవిడ నవ్వకుండా నాకు చెప్పింది. "ఇది దిగలేదట, నాటుకుందట. మొలకెత్తితే మనకు కబురు పంపుతాడట."

నలుగురం పట్టుకుని లాగితే బయటికి వచ్చింది. ముక్కు నలిగిపోయింది. నడుం దగ్గర పారాచూట్ తలుపు మాత్రం చెక్కుచెదరలేదు. పెద్దమ్మ పాత బొంత ముక్కలు చుట్టి పెట్టినందుకు లోపలి పెట్టె కూడా బతికే ఉంది, ఎర్ర దీపం వెలుగుతోంది. కరెంటు తీస్తే దాని జ్ఞాపకం పోతుంది, జ్ఞాపకాన్ని చదివే తీగ ఏమో మా ఇంట్లో ఉంది. దీపం ఆర్పకుండా రాకెట్‌ను బక్కీలో పడుకోబెట్టాం. మేడమ్ తన కారులో మా వెనకే బయల్దేరింది. పెద్దమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "ముందు తిండి, తర్వాత మిషన్! మేడమ్, నువ్వు కూడా!" అని అరిచింది.

తోట నుంచి సీ కౌ లేక్ దాకా రోడ్డు సముద్రం పక్కనే, చపాతీ పీటలా చదునుగా పోతుంది. దారంతా నేను లైబ్రేరియన్‌గారికి చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటున్నాను. నది దాటాక కొండ మొదలైంది. గుంటలో దిగాం. మొదటి స్టాపులో ఆగాం. వెనక మేడమ్ కారు కూడా, ఎందుకో తెలియకుండానే, ఆగింది.

"ఈ ఒక్కరోజు ఆపకపోతే ఏం పెద్దయ్యా?"

"బస్సు ఆప్తది," అన్నాడు శాంతంగా. "దుఃఖం ఉంటే కూడా బస్సు ఆప్తది."

కొండ నెత్తి మీది చివరి స్టాపులో ఆగి, వెనక్కి జారి, "హంబ!" అని ఇంటివైపు దిగుతుంటే నా బుర్రలో ఏదో మెదిలింది. ఎర్ర దీపం. బతికున్న పెట్టె. ముప్పై ఏడు విజయాలు. "పెద్దయ్యా, ఆపు!" అన్నాను. "ఇక్కడ స్టాపు లేదు," అన్నాడు. మా గేటు కనిపించింది. నలభై. టప్పు!

నారింజ రంగు పారాచూట్ పువ్వులా విచ్చుకుని, తాళ్లు పుటుక్కున తెంపుకుని, వెనకొస్తున్న మేడమ్ కారు అద్దాన్ని అంచు నుంచి అంచు దాకా కప్పేసింది. బ్రేకులు కీచుమన్నాయి. పెద్దమ్మ వాకిట్లోకి దిగుతూ, "అయ్యో, నాను ఇంకా పెనం పెట్టలేదు!" అంది.

బట్ట కింద తలుపు తెరుచుకుంది. ముందు కళ్లద్దాలు, తర్వాత మేడమ్ బయటపడ్డారు. ఆవిడ పారాచూట్ చూసింది, బక్కీ చూసింది, కొండ చూసింది, బస్టాపు వైపు చూసింది. నా చంకలోని నోటుపుస్తకం కోసం చెయ్యి చాచింది. కారు బానెట్ మీద పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. అందులో నేను అందంగా దిద్దకుండా జరిగింది జరిగినట్టు రాసుకున్నవన్నీ ఉన్నాయి: 'రెండో గుంట, పారాచూట్ విప్పుకుంది, పెద్దయ్య క్లచ్ అన్నాడు. మూడో స్టాపు, వెనక్కి జారాం, ముప్పై తొమ్మిది సెకన్లు. స్టాపు ఎందుకంటే...' ఆ పేజీ దగ్గర ఆవిడ చాలాసేపు ఆగింది. తలెత్తి పెద్దయ్యతో జులులో రెండు మాటలేవో అంది. ఆయన టోపీ తీశాడు.

ఇక దాచి లాభం లేదనుకున్నాను. "మేడమ్, ఇవాళ్టిదాకా నేను రాకెట్ ఎగరడం చూడలేదు. పుస్తకంలో చూశానంతే. ప్రోగ్రాములు పెన్సిలుతో రాశాను."

"తెలుసు," అంది పేజీ తిప్పుతూ.

"ఎలా తెలుసు మేడమ్?"

"రాకెట్లు ఎగరేసినవాడెవడూ పేజీ నంబరు చెప్పడు."

"మరి ఎందుకు తీసుకున్నారు?"

"మంచు దేశంలో నేనూ మొదట పుస్తకంలోనే చూశాను." నోటుపుస్తకం మూసింది. "నీ ప్రోగ్రాం తప్పేం చెయ్యలేదు. నువ్వు దానికి బస్సు నేర్పావు, అది బస్సు నేర్చుకుంది. నాకిచ్చిన అందమైన పేజీ చెత్త. ఈ పుస్తకం మాత్రం సాక్ష్యం. ఇది చూపిస్తే తప్పెక్కడుందో పది నిమిషాల్లో ఎవరైనా కనిపెడతారు. ఇంత నిజాయతీగా తన తప్పును రోజూ రాసుకున్నవాణ్ణి నేను ఇంటికి పంపను. కానీ ఎగిరే ప్రోగ్రాం జోలికి మాత్రం రావద్దు. ఇకనుంచి నీ పని నేల మీద. పరీక్షలు, మీటలు, ఎవరేం చేశారో రాసిపెట్టడం."

పెద్దమ్మ ఈలోగా మేడమ్ చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతోంది. "నేల మంచిది. నేలలో తిండి ఉంది. రా, బీన్స్ కూర చల్లారుతది!"

అలా నేను నేలకు దిగినవాణ్ణి మళ్లీ లేవలేదు. రెండో రాకెట్ మరొకరు రాసిన ప్రోగ్రాంతో వెళ్లి, శిఖరం మీదే, రెండు సెకన్లలోపే, అదే నారింజ పారాచూట్ విప్పుకుని క్షేమంగా దిగింది. నేను కింద కూర్చుని అది రాశాను. తర్వాత చాలా రాకెట్ల గురించి రాశాను. లైబ్రేరియన్‌గారికి ఉత్తరంలో 'నేల మీది వ్యవస్థలకు బాధ్యుణ్ణి' అని రాస్తే, దాన్ని ఆయన నోటీసు బోర్డు మీద అతికించారట. బావిలో పంపులు చూస్తున్నానని ఆ నలుగురిలో ఒకరు అనుకున్నారట.

పెద్దయ్య ఇప్పుడు లేడు. బక్కీ ఎక్కడుందో తెలియదు. ఆ కొండ మీద పనుండి వెళ్లినప్పుడల్లా, నెత్తి మీది ఆ చివరి స్టాపు రాగానే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. కొత్త కారు, హ్యాండ్‌బ్రేకు గట్టిగా పడుతుంది, వెనక్కి జారదు. ఎక్కేవాళ్లు ఉండరు. వెనక కార్లు హారన్ కొడతాయి. నేను మాత్రం అద్దంలో చూస్తూ, స్టీరింగ్ మీద వేళ్లాడిస్తూ, వేళ్ల మీద లెక్కపెట్టుకునే ఆ పిల్ల శాస్త్రవేత్తను తలుచుకుని నవ్వుకుంటూ ముప్పై తొమ్మిది దాకా లెక్కపెడతాను. నలభై దగ్గర, ఎవరూ వినకుండా, "హంబ" అంటాను.